ఆపా అమానత్, నా జిద్



ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు నానబెట్టాను. రాయమన్నది మా ఆపానే. మొన్న ఫోన్లో, "దునియా భర్‌ కే బాతాఁ లిఖ్‌తా, యే కైకూ నై లిఖ్‌తా రే?" అంది. ఆమె కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. వాడి ఫోన్లో పచ్చవీ ఎర్రవీ గీతలు పైకీ కిందికీ పోతుంటే చూసిందట. ఆ గీతలేమిటో ఆపాకి తెలుసు. నా వల్లే తెలుసు.

2023 చివర్లో కడపలో మా అబ్బా ఇల్లు అమ్మేశాం. అబ్బా, అమ్మీ ఇద్దరూ పోయాక తాళం వేసి ఉన్న ఇల్లు అది. ఖర్చులు పోను 18 లక్షలు మిగిలాయి. వారసులం నేనూ ఆపా ఇద్దరమే. షరియత్ లెక్కన నాకు రెండు వంతులు, ఆమెకి ఒక వంతు. ఆడపడుచుల వాటా "మాఫ్ చేసేసింది" అని సంతకం పెట్టించుకునే అన్నదమ్ములు మన ఖాందాన్లలో ఎంతమందో నేను చెప్పక్కర్లేదు. నేను అలా చేయలేదు. ఆరు లక్షలు లెక్కగట్టి ఆమె ముందు పెట్టాను. ఆ రోజు నా మీద నాకే బోలెడు ఇజ్జత్ కలిగింది.

ఆపా ఆ డబ్బు తీసుకోలేదు. జీజా వ్యాపారంలో అప్పులున్నాయి. తన ఖాతాలో పడితే వారం తిరక్కుండానే కరిగిపోతుందని ఆమె ఖౌఫ్. "తేరే పాస్ రఖ్ రే. ఎక్కడైనా రెండు సెంట్ల జాగా దొరికితే అడుగుతా" అంది. నా వాటా ఇంటి లోనుకి పోయింది. ఆపా ఆరు లక్షలు నా ఖాతాలో అమానత్‌గా ఉండిపోయాయి.

ఇక బజార్ సంగతి. 2020 లాక్‌డౌన్లో మా జీతాలు కోసినప్పుడు, మిగిలిన కొంచెంతో షేర్లు కొనడం మొదలుపెట్టాను. ఆ ఏడాది మార్చి తర్వాత ఏది కొన్నా పెరిగింది. బజార్ మొత్తం పెరుగుతోందని నాకు తట్టలేదు. నా అఖల్ వల్లే పెరుగుతోందనుకున్నాను. రెండేళ్ల తర్వాత ఆఫీసు చాయ్ బండి దగ్గర ఓ దోస్తు ఆప్షన్స్ నేర్పాడు. షేరు కొంటే కంపెనీలో హిస్సా ఉంటుంది. ఆప్షన్ కొంటే ఫలానా తేదీలోగా నిఫ్టీ ఫలానా చోటికి పోతుందన్న మాట మీద ప్రీమియం కడతావు. పోతే పదింతలు, పోకపోతే ఆ గురువారానికి సున్నా. అప్పట్లో నిఫ్టీ ఎక్స్‌పైరీ ప్రతి గురువారం ఉండేది.

రూల్స్ తెలియక చెడిపోయానని అనుకోవద్దు. నా డైరీలో రాసుకున్నవి ఇప్పటికీ ఉన్నాయి. కొనకముందే ఎక్కడ బయటపడాలో రాసుకో. ఒక్క సౌదాలో మొత్తం డబ్బులో రెండు శాతానికి మించి పోగొట్టుకోకు. పడుతున్నదాన్ని ఇంకా కొనకు. నుక్సాన్ వచ్చిన రోజు మళ్లీ ముట్టుకోకు. అందమైన చేతిరాతతో, కింద గీత గీసి మరీ రాశాను. ఆ నాలుగింటినీ రెండు రోజుల్లో నా చేత్తో నేనే తెంపాను.

2024 జూన్ 1 శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. పాలక కూటమికి భారీ మెజారిటీ అన్నాయి. సోమవారం నిఫ్టీ మూడు శాతానికి పైగా ఎగిరి 23,263 దగ్గర ముగిసింది. నేను అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి. 2004లో ఎగ్జిట్ పోల్స్ ఎలా తప్పాయో డెస్క్ మీద కొత్త పిల్లలకి కథలు కథలుగా చెప్పినవాణ్ణి. "పోల్ అంటే ఫలితం కాదు బాబూ" అన్నది నా తకియా కలామ్. అదే నేను సోమవారం మధ్యాహ్నం 60 వేలు పెట్టి 23,500 కాల్స్ కొన్నాను. ఎక్కడ బయటపడాలో రాసుకోలేదు. అందరూ సంపాదిస్తున్నారు, నేనొక్కణ్ణే చూస్తూ కూర్చున్నాను అన్న లాలచ్, అంతే.

మంగళవారం, జూన్ 4. ఆంధ్రలో అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకే రోజు లెక్కింపు. పత్రికల వాళ్లకి అంతకన్నా పెద్ద పనిరోజు ఐదేళ్లకోసారి వస్తుంది. పొద్దున ఏడింటికే విజయవాడ ఆఫీసులో ఉన్నాను. తొమ్మిదింపావుకి బజార్ తెరిచింది. ఢిల్లీ లెక్కలు పోల్స్ చెప్పినట్టు రావడం లేదు. పదిన్నరకల్లా నా 60 వేలు 15 వేలైంది.

ఆ క్షణంలో అమ్మేసి ఉంటే నా కథ 45 వేలతో ముగిసేది. బాధపడేవాణ్ణి, ఈద్‌కి కొత్త బట్టలు మానేసేవాణ్ణి, అంతటితో అయిపోయేది. కానీ అమ్మడమంటే 'నేను తప్పు' అని ఒప్పుకోవడం. నా నఫ్స్ దానికి ఒప్పుకోలేదు. 'మధ్యాహ్నానికి లెక్కలు మారతాయి, ఇప్పుడు చవగ్గా దొరుకుతోంది, ఇంకొన్ని కొంటే సగటు తగ్గుతుంది' అంది. నా దగ్గర డబ్బు లేదు. ఆపాది ఉంది.

ఫోన్ తీసుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. 80 వేలు బ్రోకర్ ఖాతాకి పంపాను. 'సాయంత్రానికి తిరిగి పెట్టేస్తా, ఇది ఖర్జ్, ఖియానత్ కాదు' అని నాతో నేను చెప్పుకున్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఖర్జ్ అంటే ఇచ్చేవాడికి తెలియాలి. గడియ పెట్టుకుని తీసుకునేదాన్ని ఏమంటారో ఏడో తరగతి పిల్లాడికి కూడా తెలుసు.

బజార్ ఇంకా పడింది. మధ్యాహ్నం ఒక దశలో 21,300 కిందికి పోయింది. కాల్స్ అన్నీ చచ్చిపోయాయి. ఇక లాలచ్ కూడా పోయి కోపం వచ్చింది. బజార్ నాకేదో అప్పున్నట్టు, ఈ రోజే వసూలు చేయాలన్నట్టు. అందరూ ఇంకా పడుతుందంటున్నారు. సరిగ్గా ఆ లోతులో, ఇంకో లక్షా 60 వేలు పెట్టి, పడితే లాభమొచ్చే పుట్స్ కొన్నాను. భయం ఎక్కువైనప్పుడు ఆ ప్రీమియంలు ఎంత ఉబ్బి ఉంటాయో నాకు తెలుసు. తెలిసీ కొన్నాను. జొహర్ ఖజా అయింది. ఒక నియోజకవర్గం ఆధిక్యంలో అంకె తప్పు వేశాను. ఎడిషన్ పోకముందే పక్క సీటాయన పట్టుకోబట్టి సరిపోయింది.

నిఫ్టీ ఆ రోజు 21,884 దగ్గర ముగిసింది. అంటే నేను పుట్స్ కొన్నాక పైకి లేచింది. బుధవారం మూడు శాతానికి పైగా పెరిగింది. నా పుట్స్ కూడా చచ్చాయి. మొత్తం మూడు లక్షల్లో చేతికి తిరిగొచ్చింది 11 వేలు. శుక్రవారం, జూన్ 7న, నిఫ్టీ సోమవారం నాటి అంకె దాటి 23,290 దగ్గర ముగిసింది. బజార్ పడిన చోటు నుంచి లేచి నిలబడింది. నేను గురువారమే ఖతమ్.

తర్వాత ఈ సంగతిని పాత్రికేయుడిగా చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ సిగ్గు తగ్గి ఆశ్చర్యం పెరిగింది. నేను చేసిన ప్రతి గల్తీకి పుస్తకాల్లో ముందే పేరుంది. 1979లో డేనియల్ కానమన్, అమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు: నఫా ఇచ్చే సంతోషం కన్నా అంతే నుక్సాన్ ఇచ్చే బాధ మనిషికి చాలా ఎక్కువ. అందుకే ఖాయమైన చిన్న నుక్సాన్ తప్పించుకోవడానికి పెద్ద ప్రమాదంలోకి దూకుతాడు. బాత్రూమ్‌లో నేను చేసింది అదే. అమెరికాలో బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ 66 వేలకు పైగా కుటుంబాల ఖాతాలు పరిశీలించి 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. బజార్ ఏడాదికి 17.9 శాతం ఇచ్చిన కాలంలో, అందరికన్నా ఎక్కువగా కొని అమ్మినవాళ్లకి దక్కింది 11.4 శాతమే. చెయ్యి ఎంత ఆడితే అంత నుక్సాన్ అన్నమాట.

మన దేశం సంగతి సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్కలతో చెప్పింది. అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటి మందికి పైగా మామూలు మనుషుల్లో 93 శాతం మంది పోగొట్టుకున్నారు. అందరి నుక్సాన్ కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. నన్ను ఎక్కువగా కలచివేసింది ఇంకో అంకె. వరసగా నుక్సాన్ వచ్చినా, పోగొట్టుకున్నవాళ్లలో 75 శాతానికి పైగా మళ్లీ అదే ఆటకి వెళ్లారు. వాళ్ల డైరీల్లోనూ రూల్స్ ఉండే ఉంటాయి.

మరి రూల్స్ ఎందుకు పనిచేయవు? నాకు దొరికిన జవాబు మా అబ్బా దుకాణంలో ఉంది.

అబ్బాది సైకిల్ షాపు. నేను ఉర్దూ మీడియం, చేతిరాత బాగుంటుందని ఇషా తర్వాత ఆ రోజు హిసాబ్ నాతో రాయించేవాడు. ఎంత నగద్, ఎంత ఉధార్, ఎంత ఘాటా. రాశాక ఆ కాగితం అమ్మీకి చదివి వినిపించాలి. అమ్మీకి చదువు రాదు. ట్యూబుల పెట్టె ఎవడో ఎత్తుకుపోయిన రోజు, ఉధార్ ఎగ్గొట్టి ఎవడో ఊరు వదిలిపోయిన రోజు కూడా చదవాల్సిందే. అమ్మీ వింటూ కొత్తిమీర తుంచుకునేది. అప్పుడప్పుడు "అరే, నిన్న కూడా వాడికే ఇచ్చారు కదా?" అనేది. అబ్బా తల గోక్కునేవాడు. మరుసటి రోజు వాడికి ఉధార్ బంద్.

అబ్బా స్టాప్‌లాస్ అదీ. డైరీలో రాసిన రూల్ కన్నా, రాత్రి అమ్మీకి చదివి వినిపించాలన్న సంగతే ఆయన్ని నిలబెట్టింది. నేను ఆప్షన్స్ ఆడుతున్నట్టు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా నాకు తెలుసు. మా మస్జిద్ మౌలానా సాబ్ ఒక జుమాకి దీని మీద మాట్లాడారు. నిజమైన కంపెనీలో హిస్సా కొనడం వేరు, దాని వ్యాపారం హలాల్ అయితే అది షిర్కత్; అంకె మీద పందెం వేరు, అందులో మైసిర్, గరర్ రెండూ ఉన్నాయని. 1992లో జిద్దాలో ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ కూడా ఆప్షన్స్ జాయజ్ కాదనే తీర్మానించింది. నేను ఆ జుమా మొదటి సఫ్‌లోనే కూర్చుని విన్నాను. 'ఇది పందెం కాదు, నేను స్టడీ చేసి చేస్తున్నా' అని లోపల సర్దిచెప్పుకున్నాను. జమీర్ ఒప్పుకోని పని చేసేవాడు దాచుకుంటాడు. దాచుకున్నవాణ్ణి 'నిన్న కూడా అదే చేశావు కదా' అని అడిగేవాళ్లుండరు. ఇక ఆపడానికి మిగిలేది తనే. 60 వేలు 15 వేలైన పదిన్నర గంటకి, ఆ మనిషిని నమ్మడానికి లేదు.

అందుకే, నా తజుర్బా ఇది: దాచుకోవాల్సిన సౌదాలో క్రమశిక్షణ నిలవదు. ఎన్ని పుస్తకాలు చదివినా నిలవదు.

జూన్ చివర్లో ఆపా ఫోన్ చేసింది. ప్రొద్దుటూరు రోడ్డులో జాగా చూశాం, బయానా ఇవ్వాలి, లక్ష పంపు అంది. లక్ష ఉంది. పంపి ఇంకో ఆర్నెల్లు నెట్టుకురావచ్చు. ఆ వస్వసా కూడా వచ్చింది. ఆ రాత్రి బీవీకి మొత్తం చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాతో చెప్పడం అయింది. రేపు కడప బస్సెక్కండి. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు" అంది.

ఆపా వంటింట్లో బియ్యం చెరుగుతోంది. పీట వేసింది. చెప్పాను. చేట ఆగింది. "కిత్తే?" అంది. రెండు లక్షల 40 వేలు అన్నాను. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. రాళ్లు లేని బియ్యంలో రాళ్లు ఏరుతూ చాలాసేపటికి అంది: "పూఛ్‌కే లేతా తో మైఁ దేతీ థీ నా రే." అడిగి తీసుకుని ఉంటే ఇచ్చేదాన్ని కదరా అని. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. జీజాకి చెప్పనంది. నేను వద్దన్నాను. సాయంత్రం ఆయన రాగానే నేనే చెప్పాను. ఇంకో దాపరికం ఆమె నెత్తిన పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఆ జాగా వేరేవాళ్లు కొనుక్కున్నారు. నేను నెలకి 15 వేల చొప్పున పదహారు నెలలు కట్టాను. బీవీ కుట్టుపని డబ్బులు కూడా అందులో కలిశాయి. చివరి కిస్తీ 2025 అక్టోబర్‌లో తీరింది. ఆపా తర్వాత ఇంకోచోట సెంటున్నర తీసుకుంది, అదీ ఎక్కువ ధరకి. నా జిద్ ఖరీదు నేనొక్కణ్ణే కట్టలేదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇప్పుడు ఏం చేస్తున్నానో చెబుతాను. నసీహత్ అనుకోకండి, హిసాబ్ అనుకోండి.

బ్రోకర్ యాప్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ సెగ్మెంట్‌ను మూయించాను. మళ్లీ తెరవాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కాస్త ఆలస్యమే నాకు రక్షణ. దాన్ని "జాగ్రత్తగా" ఆడే ప్రయత్నం చేయలేదు. నాలాంటివాడికి జాగ్రత్త అంటే మానేయడమే. షేర్ల పొదుపు మాత్రం ఉంది. వడ్డీ బ్యాంకులూ మద్యం కంపెనీలూ లేకుండా షరియా లెక్కతో ఎంచిన కంపెనీల ఫండ్‌లో నెలనెలా కొంచెం. ఫీజులూ కిరాణా పోను మిగిలిందే, నాదే. ఎవరి అమానత్ అయినా వేరే ఖాతాలో ఉంటుంది. దాని నుంచి పైసా కదిలితే మెసేజ్ బీవీ ఫోన్‌కి కూడా పోతుంది.

ఏదైనా షేరు కొనాలనిపిస్తే ముందు నోట్‌బుక్‌లో ఎందుకు కొంటున్నానో, ఏం జరిగితే అమ్మేస్తానో ఉర్దూలో రాస్తాను. రాశాక ఒక నమాజ్ గడవాలి. జొహర్‌కి ముందు తట్టింది అసర్ తర్వాతే. సగం ఆలోచనలు ముసల్లా మీదే చచ్చిపోతాయి. ఆదివారం రాత్రి ఆ నోట్‌బుక్ బీవీకి చదివి వినిపిస్తాను. ఆమెకి బజార్ తెలియదు. తెలియక్కర్లేదు. "పోయిన వారం అమ్మేస్తా అన్నారు కదా, ఎందుకు అమ్మలేదు?" అని అడిగితే చాలు.

నేనేదో ఔలియా అయిపోయానని కాదు. 2025 ఏప్రిల్ 7న అమెరికా సుంకాల దెబ్బకి నిఫ్టీ ఒక్కరోజే మూడు శాతానికి పైగా పడింది. డెస్క్ మీద ఆ వార్త నేనే దిద్దుతున్నాను. వేళ్లు జిలపెట్టాయి. 'రేపు లేస్తుంది, ఒక్కసారి, చిన్నగా' అంది లోపలిది, అదే గొంతు. కొన్న యాప్ కాదు కదా అని సెగ్మెంట్ తెరిచే పేజీ దాకా వెళ్లాను కూడా. అప్పుడు ఆదివారం గుర్తొచ్చింది. ఇది బీవీకి ఏమని చదివి వినిపించాలి? ఫోన్ సొరుగులో పడేసి వార్త పూర్తి చేశాను. మర్నాడు నిఫ్టీ నిజంగానే లేచింది. నా అంచనా కరెక్టే. అయినా అఫ్సోస్ లేదు. 2024లోనూ నిఫ్టీ తిరిగి లేస్తుందన్న నా మాట నిజమే అయింది కదా, ఆ నిజం నాకేం మిగిల్చింది?

ఆపా కొడుకుతో పోయిన ఆదివారం మాట్లాడాను. వాడు తెలివైనవాడు. "మామూ, మీరు స్టాప్‌లాస్ పెట్టలేదు. నేను పెడతా. మీరు చేసిన గల్తీ నేను చేయను" అన్నాడు. నా డైరీలోని నాలుగు రూల్సూ నాకన్నా బాగా చెప్పాడు. నేను వాదించలేదు. "బేటా, ఈ నెల హిసాబ్ తీసుకెళ్లి మీ అమ్మీకి చదివి వినిపించు. ఘాటా ముందు చదువు" అన్నాను. వాడు నవ్వాడు, తర్వాత నవ్వు ఆగింది. "అమ్మీ అర్థం చేసుకోదు మామూ" అన్నాడు.

ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఒక్క విన్నపం. మీ పిల్లాడు గానీ, మీ షౌహర్ గానీ ఎప్పుడైనా వచ్చి 'ఇంత పోయింది' అంటే, మొదటి మాట తిట్టు కాకుండా చూసుకోండి. కోప్పడే హక్కు మీకుంది, అది రేపటికి ఉంచుకోండి. ముందు ఎంత అని అడగండి. మా ఆపా అడిగినట్టు, ఒక్క మాట. 45 వేల దగ్గర చెప్పగలిగినవాడికి మూడు లక్షల దాకా పోవలసిన అవసరం రాదు.

ఈ పూట ఆపా ఫోన్ చేసింది. వాడు ఇంకా చదివి వినిపించలేదట. కానీ నిన్న రాత్రి వంటింట్లోకి వచ్చి, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు పీట మీద కూర్చున్నాడట. ఆపా కూడా ఏమీ అడగలేదట, బియ్యం చెరుగుతూ ఉందట. దువా చేయండి.